నేరం పేరు వేరు

1938 డిసెంబరులో మద్రాసు కోర్టు ఈ.వి. రామస్వామికి ఏడాది కఠిన కారాగార శిక్ష, వెయ్యి రూపాయల జరిమానా వేసింది. చట్టాన్ని మీరమని ఆడవాళ్లను పురికొల్పారన్నది ఆయన మీద మోపిన నేరం. అంతకు కొన్ని వారాల ముందు, నవంబరు 13న, అదే ఊళ్లో జరిగిన తమిళనాడు మహిళా మహాసభ ఆయనను పెరియార్ అని పిలవాలని తీర్మానించింది. ఆ వెంటనే ఆడవాళ్లు కూడా వీధిలోకి వచ్చి, హిందీని తప్పనిసరి చేసిన బడుల ముందు నిలబడి అరెస్టయ్యారు. గొడవంతా పిల్లలకు బడిలో ఏ భాష నేర్పాలన్న దాని మీదే. కానీ నేరం పేరులో భాష అన్న మాటే లేదు. భాష కోసమో, ఆచారం కోసమో, పాట కోసమో నోరు తెరిచినవాళ్లను జైల్లో వేసిన ప్రభుత్వాలు ఎక్కడా ఆ కారణాన్ని కాగితం మీద పెట్టవు. దారికి అడ్డం నిలబడ్డారనీ, శాంతికి భంగం కలిగించారనీ, దేశాన్ని చీల్చజూశారనీ రాస్తాయి. అందుకే ఇలాంటి అరెస్టు వార్త చదివినప్పుడు నేరం పేరును బట్టి తీర్పు చెప్పుకుంటే పొరబడతాం. అసలు ఏం చేశారో చూడాలి. ఆ పనినే మరో విషయం మీద, ప్రభుత్వానికి నొప్పి కలగని విషయం మీద చేసి ఉంటే వాళ్లు జైలుకు వెళ్లేవారా అని అడగాలి. ఈ ప్రశ్నను పరీక్షించి చూసుకోవడానికి మద్రాసు కంటే మంచి ఊరు నాకు కనబడదు. ఇక్కడి చరిత్రలో జైలుకు పంపినవాళ్లూ వెళ్లినవాళ్లూ తర్వాత తర్వాత చోట్లు మారారు. తమిళులతోపాటు మన తెలుగువాళ్లూ ఆ రెండు వైపులా ఉన్నారు.

1937 ఎన్నికల్లో గెలిచి కాంగ్రెస్ మద్రాసు రాష్ట్రంలో మంత్రివర్గం ఏర్పాటు చేసింది. చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ) ప్రీమియర్ అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు. 1938 ఏప్రిల్ 21న ఆయన ప్రభుత్వం 125 సెకండరీ బడుల్లో హిందీని తప్పనిసరి పాఠం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. త్యాగరాయనగర్‌లోని రాజాజీ ఇంటి ముందు, జార్జిటౌన్‌లోని హిందూ థియలాజికల్ హైస్కూలు ముందు రోజూ జనం చేరి హిందీ వద్దు, తమిళం కావాలి అని నినాదాలు చేసేవారు. పోలీసులు వచ్చి పట్టుకుపోయేవారు, మర్నాడు ఇంకో జట్టు వచ్చి నిలబడేది. ఉద్యమం ముగిసేసరికి 1,198 మందిని అరెస్టు చేస్తే 1,179 మందికి శిక్ష పడింది. జైలుకు వెళ్లినవాళ్లలో 73 మంది ఆడవాళ్లు. వాళ్లతోపాటు 32 మంది పిల్లలు కూడా జైలుగోడల లోపలికి వెళ్లారు, అమ్మను విడిచి ఉండలేని వయసు కాబట్టి. అరెస్టయిన ప్రతి నూరుమందిలో తొంభై ఎనిమిది మందికి శిక్ష పడిందంటే, ఎవరు ఏం చేశారని విడివిడిగా తూచి చూశారని నమ్మడం కష్టం. ఆ చోట నిలబడడమే నేరంగా లెక్కకు వచ్చింది.

నిలబడడాన్ని నేరం చేసిన చట్టం ఏదో కూడా చూడాలి. 1932 నాటి క్రిమినల్ లా అమెండ్‌మెంట్ చట్టంలోని 7వ సెక్షన్ కింద వీళ్లను పట్టుకున్నారు. ఎవరి ఇంటి ముందో, పనిచేసే చోటనో తచ్చాడి వాళ్ల పనికి అడ్డు తగిలితే ఆ సెక్షన్ వర్తిస్తుంది. విదేశీ బట్టల దుకాణాల ముందూ కల్లుపాకల ముందూ పికెటింగ్ చేసే కాంగ్రెస్ వాలంటీర్లను అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన చట్టమది. దేశమంతటా కాంగ్రెస్ దాన్ని దుయ్యబట్టింది. రాజాజీ స్వయంగా 1930లో ఉప్పు సత్యాగ్రహం కోసం తిరుచినాపల్లి నుంచి వేదారణ్యం దాకా నడిచి జైలుకు వెళ్లిన మనిషి. ఆ చట్టం వచ్చి ఆరేళ్లు తిరిగేసరికి అదే ఆయన ప్రభుత్వం చేతిలో ఆయుధమైంది. చేతిలో ఉన్న చట్టాన్నే కదా ఎవరైనా వాడతారు అనవచ్చు. నిజమే, వేరే చట్టం తేవడానికి వ్యవధి పడుతుంది. కానీ దుకాణం ముందు నిలబడి ఈ బట్ట కొనకండి అని చెప్పడం దేశసేవ అయినప్పుడు, బడి ముందు నిలబడి ఈ పాఠం వద్దు అని చెప్పడం నేరం ఎలా అయింది? చేసిన పని ఒకటే, నిలబడిన తీరూ ఒకటే. మారింది విషయం, అది ఎవరికి నచ్చలేదన్నది. నేను పైన చెప్పిన పరీక్ష ఇక్కడ ఏ అనుమానానికీ చోటివ్వదు.

ఆ మంత్రివర్గంలో తెలుగువాళ్లు ఉన్నారు. టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రి. వి.వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి మంత్రులు. బులుసు సాంబమూర్తి శాసనసభ స్పీకరు. ఆంధ్ర జిల్లాల్లో హిందీ మీద అంత వేడి పుట్టలేదు. అప్పటికి ఇరవై ఏళ్లుగా దక్షిణ భారత హిందీ ప్రచార సభ మద్రాసు కేంద్రంగా చేస్తున్న పనికి తెలుగునాట మంచి ఆదరణే ఉండేది. కాబట్టి ఆ అరెస్టులు మన పెద్దలకు తమ ఇంటి గొడవగా కనబడలేదనుకోవాలి. ఇది వాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వాళ్లు త్యాగాలు చేసినవాళ్లు, ప్రకాశం పంతులు సైమన్ కమిషన్ నాడు తుపాకులకు గుండె చూపినవారు. కానీ పక్కవాడి భాష జైలుకు వెళ్లినప్పుడు అది మనకు శాంతిభద్రతల సమస్యగానే కనబడుతుంది. మన భాష దాకా వచ్చినప్పుడు గానీ దాని అసలు పేరు తెలియదు. పెరియార్ సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆయన ఇంటిభాష కన్నడం. తమిళం తప్ప ఇంకేమీ ఎరగని మనిషి తన తల్లిభాష కోసం చేసిన పోరాటం కాదది. ఒక భాషను జనం మీద రుద్దే అధికారం ప్రభుత్వానికి ఎక్కడిదని అడిగిన పోరాటం. ఆయన జైల్లో ఉండగానే 1938 డిసెంబరు చివర జస్టిస్ పార్టీ ఆయనను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. గోడ లోపల పెట్టిన మనిషి బయట మరింత పెద్దవాడు కావడానికి నెల కూడా పట్టలేదు.

జైలు నుంచి తిరిగిరానివాళ్లూ ఉన్నారు. నటరాజన్ మద్రాసుకు చెందిన దళిత యువకుడు. 1938 డిసెంబరు 5న అరెస్టయి, నెలాఖరుకు జబ్బుపడి ఆసుపత్రిలో చేరి, 1939 జనవరి 15న చనిపోయాడు. కుంభకోణం నుంచి వచ్చిన తాళముత్తు ఫిబ్రవరి 13న అరెస్టయ్యాడు, మార్చిలో పోయాడు. జబ్బు చేసి పోయారని ప్రభుత్వం అంది. జైలే వాళ్లను చంపిందని ఉద్యమం అంది. ఏది ఎంత నిజమో ఇప్పుడు తేల్చడం కుదిరే పని కాదు గానీ, ఒక్క మాట మాత్రం చెప్పవచ్చు. బడి ముందు నినాదం చేసిన కుర్రవాణ్ని జైల్లో పెట్టకపోయి ఉంటే అతని చావుకు ప్రభుత్వం సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరమే వచ్చేది కాదు. ఉత్తర చెన్నైలో మూలకొత్తలం శ్మశానంలో వాళ్లిద్దరి సమాధులున్నాయి. ఎగ్మూరులో చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ ఉన్న భవనానికి వాళ్ల పేర్లే పెట్టారు, తాళముత్తు నటరాజన్ మాళిగ అని. ఇల్లు కట్టుకోవడానికి ప్లాను మంజూరు కోసం ఆ మెట్లెక్కే తెలుగువాళ్లు ఎందరో ఉంటారు. ఆ పేర్లు ఇద్దరు ఖైదీలవని వాళ్లలో ఎంతమందికి తెలుసో చెప్పలేను.

ఇంత చేసి ప్రభుత్వం సాధించిందేమిటి? 1939 అక్టోబరులో యుద్ధం విషయంలో బ్రిటిష్ వారితో విభేదించి కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసింది. 1940 ఫిబ్రవరి 21న గవర్నర్ ఎర్స్కిన్ ఆ ఉత్తర్వును ఉపసంహరించి హిందీని ఐచ్ఛికం చేశారు. తప్పనిసరి పోయినందువల్ల రాష్ట్రం ఏమీ కూలిపోలేదు, హిందీ నేర్చుకోదలచినవాళ్లు నేర్చుకుంటూనే ఉన్నారు. అంటే దాదాపు రెండేళ్ల పాటు పదకొండు వందల మందిని జైలుకు పంపి కాపాడిన ఉత్తర్వు ఒక సంతకంతో పోయింది. అది మొదటే పోయి ఉండవచ్చు, లేదా పిల్లల ఇష్టానికి వదిలేసి ఉండవచ్చు. దేశానికంతా ఒక ఉమ్మడి భాష కావాలని రాజాజీ నమ్మారు, ఆ నమ్మకంలో స్వార్థం లేదు. తప్పల్లా ఆ నమ్మకాన్ని పోలీసు లాఠీకి అప్పజెప్పడంలో ఉంది. ఆయన మనసు మారిన తీరే దీనికి సాక్ష్యం. 1950ల చివరికే ఆయన హిందీ ఒక్కటే అధికార భాష కావడాన్ని గట్టిగా ఎదిరించడం మొదలుపెట్టారు. 1967 ఎన్నికల్లో ఆయన స్వతంత్ర పార్టీ, 1938లో తన ప్రభుత్వమే నాలుగు నెలలు జైల్లో పెట్టిన అన్నాదురై నాయకత్వంలోని డీఎంకేతో కలిసి పోటీ చేసింది. ముప్పై ఏళ్లలో ఆ మనిషి రెండు వైపులా నిలబడ్డారు. జైల్లో పెట్టినప్పుడు ఖైదీల వాదన ఎంత తప్పుగా తోచిందో, తర్వాత అంత సబబుగా తోచింది. వాదనను జైల్లో పెట్టకుండా చర్చకు పెట్టి ఉంటే ఆ మార్పు ఇంకా ముందే వచ్చేదేమో అనిపిస్తుంది.

ఇక్కడ ఎదురయ్యే గట్టి అభ్యంతరం 1965 గురించి. అప్పుడు జరిగింది నినాదాలు, పికెటింగ్‌లు మాత్రమే కాదు గదా, బస్సులు రైళ్లు తగలబడ్డాయి, పోలీసులు కూడా చనిపోయారు, అధికార లెక్కల ప్రకారమే 70 మంది దాకా పోయారు, అప్పుడూ చేతులు కట్టుకుని కూర్చోవాలా అని అడగవచ్చు. కూర్చోనక్కర్లేదు. నిప్పు పెట్టినవాడికి, మనిషిని చంపినవాడికి మామూలు శిక్షాస్మృతే చాలు. పైన చెప్పిన పరీక్షలో వాడు నెగ్గడు, ఎందుకంటే ఏ కారణంతో చేసినా నిప్పు నిప్పే. కానీ 1965లో ప్రభుత్వం ముందు పట్టుకున్నది నిప్పు పెట్టినవాళ్లను కాదు. జనవరి 26న హిందీ ప్రధాన అధికార భాష కాబోతుండగా, ఆ రోజును సంతాప దినంగా పాటిస్తామన్న అన్నాదురైనీ ఆయన పార్టీవాళ్లనూ ముందురోజే నిర్బంధంలోకి తీసుకున్నారు. అప్పటికే 1963 నవంబరులో రాజ్యాంగంలోని అధికార భాష భాగం ప్రతిని తగలబెడతానన్నందుకు ఆయనకు ఆరు నెలల శిక్ష పడింది. నాయకులు లోపల ఉన్నారు, విద్యార్థులు వీధిలో ఉన్నారు. ఢిల్లీ గానీ మద్రాసు గానీ మాట్లాడి ఒప్పించాలంటే, జనం చేత ఆగమని చెప్పించాలంటే ఎదుట మనిషి లేడు. ఫిబ్రవరి 11న కేంద్ర మంత్రులు సి. సుబ్రమణ్యం, ఓ.వి. అళగేశన్ రాజీనామా ఇచ్చారు. ఇంగ్లీషు కొనసాగుతుందని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి హామీ ఇవ్వక తప్పలేదు. అయినా ఫిబ్రవరి 16న భారత రక్షణ నిబంధనల కింద కరుణానిధిని అరెస్టు చేసి పాళయంకోట జైలుకు పంపారు. దేశరక్షణ కోసం, చైనా యుద్ధం నాడు తెచ్చిన నిబంధనలవి. భాష గురించి మాట్లాడిన మనిషి మీద శత్రుదేశం కోసం చేసిన చట్టం పడింది. 1967లో విరుదునగర్‌లో కామరాజ్ అంతటివాణ్ని ఓడించిన పి. శ్రీనివాసన్ ఆ ఉద్యమంలో పైకి వచ్చిన విద్యార్థి నాయకుడే. ఆ ఏడాది చివరే పార్లమెంటు అధికార భాషల చట్టాన్ని సవరించి, హిందీయేతర రాష్ట్రాలు ఒప్పుకునేదాకా ఇంగ్లీషు ఉంటుందని రాసింది. 1965కు ముందే రాయగలిగిన వాక్యమది.

జైల్లో పెట్టకపోతే చాలునా అంటే చాలదు, ఆ సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకు కూర్చున్నది మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో. పద్నాలుగేళ్ల కింద హిందీ ఉత్తర్వు నాడు స్పీకరుగా ఉన్న సాంబమూర్తి ఆయనే. ముఖ్యమంత్రి మళ్లీ రాజాజీయే. శ్రీరాములును అరెస్టు చేయలేదు, పట్టించుకోనూ లేదు. 58 రోజుల తర్వాత డిసెంబరు 15న ఆయన పోయాక గానీ నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించలేదు. మద్రాసు మనదే అన్న నినాదం మనకు గుర్తుంది గానీ, సరిహద్దుకు అటువైపు కథ అంత గుర్తు లేదు. చిత్తూరు జిల్లాలో కలిసిపోయిన తమిళ ప్రాంతాల కోసం మ.పొ. శివజ్ఞానం ఉద్యమం నడిపి అరెస్టయ్యారు. మన రాష్ట్రంలో అల్పసంఖ్యాకులైన తమిళుల తరఫున నిలబడిన మనిషి ఆయన. చివరికి పటాస్కర్ కమిషన్ వేసి, ఊరూరా భాష లెక్కలు చూసి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని మద్రాసు రాష్ట్రంలో కలిపారు. బదులుగా కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. జనాభా లెక్కలు, మ్యాపులు, ఒక మధ్యవర్తితో ముగిసిన తగవుకు అరెస్టులు ఏ విధంగా పనికొచ్చాయో ఎవరూ చెప్పలేరు.

ప్రపంచంలో మిగతా చోట్ల కూడా నేరం పేరు ఇలాగే ఉంటుంది. 1991లో టర్కీ పార్లమెంటుకు ఎన్నికైన లేలా జానా అనే కుర్దు మహిళ ప్రమాణ స్వీకారం టర్కిష్‌లోనే చేసి, చివర ఒక్క వాక్యం కుర్దు భాషలో పలికింది. టర్కులు కుర్దులు కలిసి బతకాలన్నది ఆ వాక్యం సారం. 1994లో ఆమెకు సాయుధ సంస్థతో సంబంధం పేరుతో 15 ఏళ్ల శిక్ష వేశారు, పదేళ్లు జైల్లో ఉంది. ఆ విచారణ న్యాయంగా సాగలేదని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2001లో చెప్పింది. టిబెటన్ దుకాణదారు తాషీ వాంగ్‌చుక్ తమ పిల్లలకు బడిలో టిబెటన్ సరిగ్గా నేర్పడం లేదని కోర్టుకెక్కుదామని బీజింగ్ వెళ్లాడు, ఆ ప్రయాణాన్ని ఒక అమెరికా పత్రిక వీడియో తీసింది. వేర్పాటువాదాన్ని రెచ్చగొట్టాడని ఐదేళ్లు జైలు. జాతులన్నిటికీ తమ భాషను వాడుకునే స్వేచ్ఛ ఉందని చైనా రాజ్యాంగంలోనే ఉంది, అతను అడిగింది దాన్నే. మన దగ్గరికి వస్తే ఝార్ఖండ్‌లో ఖూంటీ ప్రాంతపు ముండాలకు పెద్దల సమాధుల దగ్గర రాళ్లు నిలపడం తరతరాల ఆచారం. 2017, 2018ల్లో వాళ్లు ఆ రాళ్ల మీద రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు హక్కులను చెక్కి ఊరి పొలిమేరల్లో పాతారు. పథల్‌గడీ అన్నారు దాన్ని. వేల మంది మీద రాజద్రోహం కేసులు పడ్డాయి. పోలీసులను ఎత్తుకుపోయిన ఘటన ఒకటి జరిగింది, ఆ పని చేసినవాళ్ల మీద కేసు పెట్టవలసిందే. కానీ రాతిమీద రాజ్యాంగం చెక్కిన ఊరివాళ్లందరినీ రాజద్రోహులను చేయడం వేరు. 2019 డిసెంబరులో కొత్త ప్రభుత్వం ఆ కేసులను ఉపసంహరించాలని నిర్ణయించింది. మన అల్లూరి జిల్లా ఏజెన్సీకీ, భద్రాచలం మన్యానికీ వర్తించేది అదే ఐదో షెడ్యూలు.

ఆ ఝార్ఖండ్ ఆదివాసుల మధ్య దశాబ్దాలు పనిచేసిన పాదిరీ స్టాన్ స్వామి తిరుచినాపల్లి జిల్లావాడు. 2020 అక్టోబరు 8న భీమా కోరేగావ్ కేసులో, చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం కింద అరెస్టయ్యారు. మావోయిస్టులతో సంబంధం ఉందని దర్యాప్తు సంస్థ ఆరోపణ, లేదని ఆయన జవాబు. ఏది నిజమో విచారణలో తేలవలసింది. విచారణ మొదలుకాకుండానే, బెయిలు దరఖాస్తు ఇంకా నడుస్తుండగానే, 2021 జూలై 5న 84 ఏళ్ల వయసులో ముంబై ఆసుపత్రిలో ఆయన పోయారు. పార్కిన్సన్ వ్యాధితో చెయ్యి వణికి గ్లాసు పట్టుకోలేక, తాగడానికి స్ట్రా ఇప్పించమని ఆయన కోర్టును అడగవలసి వచ్చింది. ఈ కేసులో నా పరీక్ష సులువుగా జవాబివ్వదని ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆరోపణ తీవ్రమైనది, ఆధారాలు వివాదంలో ఉన్నాయి. కానీ ఆరోపణ నిజమో కాదో తేలేదాకా ముసలి ఖైదీని లోపలే ఉంచే చట్టం, నిజం తేల్చవలసిన అవసరాన్నే తగ్గిస్తుంది. ఆ చట్టంలో 43డి(5) సెక్షన్ ప్రకారం పోలీసు కాగితాలు పైపైన నమ్మదగ్గవిగా కనిపిస్తే చాలు, బెయిలు రాదు. 1,179 మందికి శిక్ష వేసిన నాటి కోర్టులు కనీసం శిక్ష కాలం ఎంతో చెప్పాయి. ఇప్పుడు శిక్ష పడకుండానే ఏళ్లు గడిచిపోతాయి. జాతీయ భద్రత ముఖ్యం కాదా అంటే ముఖ్యమే. అందుకే విచారణ త్వరగా జరగాలి, ఆధారం బలంగా ఉండాలి. భద్రతకు ముప్పు తెచ్చినవాడెవడో, రాయి మీద హక్కు రాసుకున్నవాడెవడో విడదీసి చూపాలి. విడదీయని చట్టంతో రెండోవాడు నష్టపోతాడు, మొదటివాడు గుంపులో కలిసిపోతాడు.

అత్తా ఒకప్పటి కోడలే అంటారు. భాష కోసం జైలుకు వెళ్లినవాళ్ల వారసుల పాలనలోనే 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి, ఏటా ఒక తరగతి చొప్పున పైకి పోయి 2016 నాటికి పదో తరగతి పరీక్షకు చేరింది. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 42 లక్షలకు పైనే, అంటే నూటికి దాదాపు ఆరుగురు. హోసూరు, కృష్ణగిరి వైపు తరాలుగా తెలుగు బడులున్నాయి, చెన్నైలో కేసరి పేరుతో నడిచినవాటిలాంటి పాత బడులున్నాయి. ఉర్దూ, కన్నడ, మలయాళ పిల్లలదీ ఇదే చిక్కు. ఉన్న ఊరి భాష నేర్చుకోవాలనడం తప్పు కాదు, చెన్నైలో బతికే తెలుగు పిల్లవాడికి తమిళం రావలసిందే, వస్తుంది కూడా. పరీక్షలో తల్లిభాష స్థానాన్ని తమిళం తీసేసుకోవడం మీదే అభ్యంతరం. 1938లో తమిళుల అభ్యంతరం కూడా హిందీ మీద ద్వేషం కాదు, తప్పనిసరి అనడం మీద. ఆ వాదనను తమదని చెప్పుకునేవాళ్లు దాన్ని తెలుగువాడి నోట విన్నప్పుడు కూడా గుర్తుపట్టాలి. భాషాహక్కు ఒక్క జాతి సొత్తు కాదని, రాజ్యాంగం 29, 30, 350ఏ అధికరణాల్లో ఆ హక్కును ఎవరు అల్పసంఖ్యాకులైతే వాళ్లకు ఇచ్చిందని ఒప్పుకోవాలి.

అయితే ఈ తగవు నడిచిన తీరు మాత్రం 1938 కంటే మెరుగ్గా ఉంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. భాషా అల్పసంఖ్యాకుల సంఘాలు మద్రాసు హైకోర్టుకు వెళ్లాయి, మినహాయింపులు తెచ్చుకున్నాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పదో తరగతి పరీక్షకు మినహాయింపును పొడిగించింది. తమిళాన్ని తప్పనిసరి చేయవద్దని అడిగినందుకు ఎవరిమీదా దేశద్రోహం పడలేదు, ఏ తల్లీ బిడ్డనెత్తుకుని జైలుకు వెళ్లలేదు. ప్రభుత్వమూ సంఘాలూ కాగితాలతో, లెక్కలతో ఒకరికొకరు జవాబు చెప్పుకున్నారు. ఇక కావలసింది ఏటేటా గడువు కోసం పరుగెత్తకుండా ఒక శాశ్వత నిర్ణయం. తమిళం ఒక పాఠంగా ఉంటూనే తల్లిభాష పేపరుకు మార్కులు కలిసేలా, ఆ పాఠం చెప్పే టీచర్ల ఖాళీలు నిండేలా. 2023 వేసవిలో పరీక్షకు కూర్చున్న తెలుగు, ఉర్దూ, కన్నడ, మలయాళ పిల్లలు తమ భాషలోనే పేపరు రాసి ఇంటికి వెళ్లారు.